హర్ కీ దూన్ ట్రెక్ కోసం చిట్టీ పాడుకోవాలా?

ప్రశ్న: నా వయసు 41. ఖమ్మంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. జీతం రూ.46 వేలు. మావారికి ఫ్యాన్లు, మోటార్ల రిపేరు షాపు ఉంది. నెలకు పాతిక, ముప్ఫై వేలు మిగులుతాయి, ఎండాకాలం ఇంకాస్త ఎక్కువ. బాబు ఇంటర్ ఫస్టియర్. రూ.2 లక్షల చిట్టీలో నెలకు రూ.10 వేలు కడుతున్నాం. అది 20 నెలల చిట్టీ, ఏడు నెలలు అయ్యాయి. బాబు చదువుకని రూ.5 వేల సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే పొదుపు) ఉంది. రూ.1.2 లక్షల ఎఫ్‌డీ, రూ.5 లక్షల ఫ్యామిలీ హెల్త్ పాలసీ, నా పేరిట రూ.50 లక్షల టర్మ్ పాలసీ ఉన్నాయి. అన్నీ పోను నెలకు రూ.4 వేలు మిగులుతున్నాయి. చిన్నప్పుడు తాతయ్య భారతం చదివేటప్పుడు స్వర్గారోహణ పర్వం విన్నప్పటి నుంచి హిమాలయాల్లో నడవాలని కోరిక. వచ్చే మే నెలలో ఉత్తరాఖండ్‌లోని హర్ కీ దూన్ లోయకు ట్రెక్‌కి (కొండదారిలో కొన్ని రోజుల నడక) వెళ్దామనుకుంటున్నాను. గైడ్లు, టెంట్లు, భోజనంతో కలిపి ఒక సంస్థ రూ.14,500, ఆపైన జీఎస్‌టీ చెప్పింది. రైలు ఖర్చుతో కలిపి రూ.25 వేలు అవుతుందని నా అంచనా. ఇంకా ఎనిమిది నెలలుంది. చిట్టీ పాడుకోనా? ఎఫ్‌డీ తీయనా? క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టుకోనా? 'అంత డబ్బు పోసి కొండలెక్కడం దేనికి' అంటున్నారు మావారు. (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: ముందు మీవారి మాట గురించి. చిట్టీ ఆగకుండా, సిప్ ఆగకుండా, పాలసీల ప్రీమియం తప్పకుండా నడుస్తున్న ఇల్లు మీది. అలాంటి ఇంట్లో సంపాదించే మనిషి ఎన్నో ఏళ్ల కోరిక కోసం కొంత డబ్బు పక్కన పెట్టుకుంటే దాన్ని నేను దుబారా అనను. 41 ఏళ్లకు మోకాళ్లు సహకరిస్తున్నాయి. 'బాబు సెటిలయ్యాక చూద్దాం' అనుకుంటే అవి అప్పటికీ ఇలాగే సహకరిస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి వెళ్లండి. అయితే రూ.25 వేల అంచనాతో మాత్రం బయల్దేరొద్దు. మీవారికి ఉన్న భయంలో నాకు న్యాయంగా కనిపించేది అదొక్కటే. అసలు ఖర్చెంతో ఇంకా ఎవరూ లెక్క కట్టలేదు.

ఆ లెక్క ఇప్పుడు కడదాం. టూర్ నిర్వహించే సంస్థ ఫీజు మీద జీఎస్‌టీ 5 శాతం, అంటే రూ.14,500 కాస్తా రూ.15,225 అవుతుంది. ఆ ఫీజు సాధారణంగా సాంక్రీ అనే ఊరి నుంచి మొదలై మళ్లీ సాంక్రీలోనే ముగుస్తుంది. డెహ్రాడూన్ నుంచి సాంక్రీ దాదాపు 200 కిలోమీటర్లు. పురోలా, మోరీ మీదుగా కొండదారి కాబట్టి పొద్దున బయల్దేరితే సాయంత్రమే. పంచుకునే బండి అయినా రానూపోనూ రూ.3 వేలు పెట్టుకోండి. ఖమ్మం నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి డెహ్రాడూన్ థర్డ్ ఏసీలో రానూపోనూ రూ.8 వేలు. దారిలో బసకీ తిండికీ రూ.5 వేలు. చీలమండను పట్టి ఉంచే ట్రెక్కింగ్ బూట్లు రూ.4,500. థర్మల్స్, రెయిన్‌కోటు, చేతి కర్రల్లో కొన్ని కొనాలి. జాకెట్, రక్‌శాక్ లాంటివి సాంక్రీలో అద్దెకు తీసుకోవచ్చు. వీటన్నిటికీ రూ.5 వేలు. బరువు మోయలేననిపిస్తే బ్యాగును కంచరగాడిదల మీద పంపడానికి రూ.2 వేలు. ఈసీజీ, రక్తపరీక్షలు, మందులకు రూ.2 వేలు. గైడుకీ, వంటవాళ్లకీ, సామాన్లు మోసేవాళ్లకీ చేతికిచ్చే డబ్బు రూ.1,500. ఈ చివరిది దయచేసి తగ్గించొద్దు. అక్కడ మీ ప్రాణానికి కాపలా ఉండేది వాళ్లే. వాళ్లకు పని దొరికేది ఏడాదిలో కొన్ని నెలలే.

మొత్తం కలిపితే దాదాపు రూ.46 వేలు. బండి చార్జీలు, అద్దెలు మీరు వెళ్లే నాటికి కాస్త అటూఇటూ కావచ్చు. దీనిపైన ఇంకో రూ.12 వేలు ఉండాలి. ఆ డబ్బు ఎందుకంటే, మంచు కురిసి దారి మూసుకుపోతే సాంక్రీలో ఒకటి రెండు రోజులు అదనంగా ఉండాలి. కొండచరియ విరిగి రోడ్డు తెగితే రైలు తప్పుతుంది, కొత్త టికెట్టు కొనాలి. మీకు ఎత్తు పడక గైడ్ మధ్యలోనే వెనక్కి పంపితే ఒక మనిషి తోడుగా కిందికి రావాలి, విడిగా బండి మాట్లాడుకోవాలి. హర్ కీ దూన్ ఎత్తు దాదాపు 3,560 మీటర్లు. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వాంతులు ఎవరికైనా రావచ్చు. రోజూ జిమ్‌కి వెళ్లేవాళ్లకూ మినహాయింపు లేదు. అలాంటప్పుడు దిగిపోవడమే వైద్యం. చేతిలో డబ్బు లేని మనిషి 'ఇంత ఖర్చు పెట్టి వచ్చాను, ఇంకో రోజు చూద్దాం' అని పైకే నడుస్తాడు. ఆ ఆలోచన మీకు రాకూడదనే ఈ రూ.12 వేలు పెట్టమంటున్నాను. మొత్తం రూ.58 వేలు.

ఇక మీరు అడిగిన మూడు దారులు.

చిట్టీ ఇప్పుడు పాడుకోవద్దు. ఎనిమిదో నెలలో పాటకు పోటీ గట్టిగా ఉంటుంది. రూ.50 వేలు తగ్గించుకుని పాడారనుకుందాం. చేతికి రూ.1.5 లక్షలు వస్తాయి. అంటే రూ.58 వేల అవసరం కోసం రూ.50 వేలు వదులుకున్నట్టు. పైగా జామీనుదార్లను వెతకాలి, మిగిలిన పన్నెండు వాయిదాలు కడుతూనే ఉండాలి. మిగతా రూ.92 వేలు ఇంట్లో ఉంటే ఏ ఫ్రిజ్‌కో, ఏ ఫంక్షన్‌కో కరిగిపోతాయి. మీ చిట్టీ పూర్తయిన తర్వాతి ఏడాది బాబు ఇంజినీరింగ్‌లో చేరతాడు. ఆ డబ్బు అప్పటిదాకా కదలకూడదు.

క్రెడిట్ కార్డు ఈఎంఐ కూడా వద్దు. వడ్డీ లేదన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, దాని మీద జీఎస్‌టీ ఉంటుంది. ఒక్క నెల పూర్తి బిల్లు కట్టలేకపోతే కార్డు వడ్డీ నెలకు 3 శాతం పైనే పడుతుంది. ట్రెక్ నుంచి వచ్చేసరికి జూన్‌లో బాబు సెకండియర్ ఫీజు సిద్ధంగా ఉంటుంది. ఆ నెలలో ఇంకో వాయిదా నెత్తిన పెట్టుకోకండి.

ఎఫ్‌డీ మీ ఇంటికి అత్యవసర నిధి. మీ ఇంటి ఖర్చు చూస్తే రూ.1.2 లక్షలు మూడు నెలలకు కూడా చాలవు. దాన్ని ట్రెక్ ఖర్చుకు వాడొద్దు. అయితే ఆ రూ.12 వేల విషయంలో ఒక వెసులుబాటు ఇస్తాను. అది నిజంగా ఆపద వస్తేనే తీసే డబ్బు కాబట్టి, దాని కోసం విడిగా పొదుపు చేయనక్కర్లేదు. ఏప్రిల్‌లో ఎఫ్‌డీ నుంచి అంత మాత్రం సేవింగ్స్ ఖాతాకు మార్చి పెట్టుకోండి. వాడకపోతే తిరిగొచ్చిన వారంలో మళ్లీ ఎఫ్‌డీ చేయండి.

మిగిలిన రూ.46 వేలు ఇలా సమకూర్చుకోవచ్చు. ఈ నెల నుంచే బ్యాంకులో ఎనిమిది నెలల ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) తెరిచి నెలకు రూ.4 వేలు వేయండి. పోస్టాఫీసు ఆర్‌డీ అయిదేళ్లది, ఈ పనికి పనికిరాదు. 6 శాతం వడ్డీ అనుకుంటే ఎనిమిది నెలలకు వచ్చేది రూ.700 చిల్లర. వడ్డీ కోసం కాదు, జీతం పడిన రోజే డబ్బు పక్కకు వెళ్లాలి కాబట్టి ఆర్‌డీ అంటున్నాను. చివరికి చేతికి దాదాపు రూ.32,700 వస్తాయి. బూట్ల డబ్బు ఈ దసరా బట్టల ఖర్చులోంచి తీయండి. చీర వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు. బూట్లు ఇప్పుడే కొనడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొత్త బూట్లతో కొండెక్కితే రెండో రోజుకే కాళ్లు బొబ్బలెక్కుతాయి. ఈ ఎనిమిది నెలలూ వాటితోనే పొద్దున్నే నడవండి, వీలైతే వీపున నాలుగైదు కిలోల బరువుతో మెట్లెక్కండి.

ఇంకా దాదాపు రూ.9 వేలు కావాలి. ఏటా స్పాట్ వాల్యుయేషన్‌కి (ఇంటర్ జవాబు పత్రాలు దిద్దడానికి) వెళ్తుంటే ఆ పారితోషికం దీనికే కేటాయించండి. అది ఒక్కోసారి ఆలస్యంగా ఖాతాలో పడుతుంది కాబట్టి అంతవరకు మీవారు షాపు డబ్బు సర్ది, వచ్చాక మీరు తిరిగివ్వాలి. ఇక్కడ మీరు రాయని విషయం ఒకటి అడగాలి. మీ కాలేజీ మే నెల జీతం పూర్తిగా ఇస్తుందా? చాలా ప్రైవేటు కాలేజీల్లో వేసవి జీతం సగమే, కొన్నిచోట్ల అసలు ఉండదు. మీదీ అలాంటిదే అయితే, వేసవిలో షాపు సంపాదన ఇప్పటికే ఇంటి ఖర్చుకూ చిట్టీకీ పోతుంటుంది. ఒకే రూపాయిని రెండు పనులకు లెక్కేసుకుంటే జూన్‌లో ఇబ్బంది పడతారు. ఆ పరిస్థితిలో షాపు డబ్బు మీద ఆశ పెట్టుకోకుండా థర్డ్ ఏసీ బదులు స్లీపర్‌లో వెళ్లండి, బ్యాగు మీరే మోయండి. దాదాపు ఆ లోటంతా పూడుతుంది. అదీ కుదరకపోతే యూత్ హాస్టల్స్ అసోసియేషన్ వాళ్లు వేసవిలో హిమాలయాల్లో తక్కువ ఖర్చుతో నడిపే ట్రెక్‌లు చూడండి. సభ్యత్వం తీసుకోవాలి, సౌకర్యాలు సాదాసీదాగా ఉంటాయి, కానీ నమ్మకమైన దారే.

ఫీజు తక్కువని మాత్రం ఊరూ పేరూ లేని గుంపుతో వెళ్లకండి. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోనే సహస్రతాల్ ట్రెక్‌కి కర్ణాటక నుంచి వెళ్లిన బృందం మంచుతుఫానులో చిక్కుకుని తొమ్మిది మంది చనిపోయారు. హర్ కీ దూన్ అంత ఎత్తైన దారి కాదు, మొదటిసారి వెళ్లేవాళ్లకు అనువైనదే. అయినా వాతావరణం తిరగబడితే గైడ్ అనుభవం మీదే ప్రాణాలు ఆధారపడతాయి. డబ్బు కట్టే ముందు సంస్థను అడగండి. ట్రెక్ లీడర్ ఉత్తరకాశిలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ లాంటి చోట శిక్షణ పొందారా? ఎంతమందికి ఒక గైడ్? ఆక్సిజన్ సిలిండర్, ఆక్సీమీటర్, స్ట్రెచర్ వెంట ఉంటాయా? ఆ దారి గోవింద్ జాతీయ పార్కులోంచి వెళ్తుంది, అటవీ అనుమతి రుసుము ఫీజులోనే ఉందా? వాతావరణం బాగోలేక వాళ్లే రద్దు చేస్తే డబ్బు వాపసా, ఇంకో తేదీయా? ఈ జవాబులు ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. ఎవరో వ్యక్తి ఫోన్ నంబరుకు యూపీఐ చేయమంటే చేయకండి. సంస్థ ఖాతాకే కట్టి, జీఎస్‌టీ నంబరున్న బిల్లు తీసుకోండి.

బీమా గురించి మీవారితో కూర్చుని చదవండి, ఆయనకు ధైర్యంగా ఉంటుంది. సాహసక్రీడలకు హెల్త్ పాలసీ వర్తించదని చాలామంది అనుకుంటారు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపులో ఉన్నది వేరు. వృత్తిగా సాహసక్రీడల్లో పాల్గొనేవారికి అయ్యే చికిత్సనే అది మినహాయిస్తుంది. సెలవుల్లో సరదాగా ట్రెక్‌కి వెళ్లిన లెక్చరర్ కాలు విరిగి ఆసుపత్రిలో చేరితే ఆ మినహాయింపు అడ్డు రాదు. మీ పాలసీ పత్రంలో ఆ వాక్యం వెతికి చూసుకోండి. కానీ కొండ మీది నుంచి మిమ్మల్ని కిందికి మోసుకొచ్చే ఖర్చు హెల్త్ పాలసీ సాధారణంగా ఇవ్వదు. దానికి ట్రెక్కింగ్‌ను కవర్ చేసే దేశీయ ప్రయాణ బీమా తీసుకోండి. అందులో ఎంత ఎత్తు వరకు వర్తిస్తుంది, రక్షించి తరలించే ఖర్చు ఉందా లేదా అనే రెండూ చూడండి. సంస్థే బీమా ఇస్తామంటే ఆ పాలసీ కాపీ అడగండి. టర్మ్ పాలసీకి యాక్సిడెంట్ రైడర్ (ప్రమాదాలకు అదనంగా జోడించే బీమా) ఉంటే దాని మినహాయింపులు వేరుగా ఉంటాయి, అవీ చదవండి. నామినీ పేరు సరిగా ఉందో లేదో ఈ సందర్భంగానే సరిచూసుకోండి. సాంక్రీ దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడలేరు కాబట్టి పాలసీ నంబర్లు, ఎఫ్‌డీ వివరాలు, చిట్టీ వాయిదా తేదీ ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి. నగదు డెహ్రాడూన్‌లోనే తీసుకోండి.

తేదీల విషయానికొస్తే, మే చివర్లో సప్లిమెంటరీ పరీక్షల డ్యూటీ పడవచ్చు కాబట్టి మే మొదటి పక్షానికే బ్యాచ్ చూసుకోండి. ప్రయాణాలతో కలిపి పదకొండు రోజులు పెట్టుకోండి. సాంక్రీ నుంచి డెహ్రాడూన్ దిగిన రాత్రికే తిరుగు రైలు బుక్ చేయొద్దు, మధ్యలో ఒక రోజు ఖాళీ ఉంచండి. ఫిబ్రవరిలో డాక్టరుకు చూపించుకోండి. బీపీ, రక్తహీనత ఏమైనా ఉంటే సరిచేసుకోవడానికి సమయం ఉంటుంది. ఎత్తైన చోట వచ్చే తలనొప్పి, వాంతులకు వాడే మాత్రలు డాక్టరు రాస్తేనే వేసుకోండి. కాలేజీలో సెలవు ఖాయమయ్యాకే సంస్థకు అడ్వాన్సు కట్టండి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. వేసవి రద్దీలో ఢిల్లీ బండ్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి మార్చి మొదటి వారం నుంచి చూసుకుంటూ, మీరు బయల్దేరే తేదీకి బుకింగ్ తెరిచిన ఉదయమే టికెట్‌కి ప్రయత్నించండి. తిరుగు ప్రయాణం తేదీకి బుకింగ్ కొన్ని రోజుల తర్వాత తెరుచుకుంటుంది, దానికీ అలాగే ఆ ఉదయమే ప్రయత్నించండి.