బూమ్ పట్టుకోమన్నారు, వెళ్లాలా?

ప్రశ్న: అన్నా, నేను తెనాలిలో డిగ్రీ రెండో ఏడాది. హైదరాబాద్‌లో మాస్ కమ్యూనికేషన్ చదువుతున్న మా బావ వాళ్ల బ్యాచ్ ఒక షార్ట్ ఫిల్మ్ తీస్తోంది. మూడు రోజుల షూటింగ్. నాకు డైరెక్షన్ అంటే పిచ్చి. అసిస్టెంట్ డైరెక్టర్‌గా తీసుకుంటారేమో అనుకుంటే ‘నువ్వు బూమ్ పట్టుకో’ అన్నారు. చివర మైకు తగిలించిన కర్ర పట్టుకుని నిలబడటానికి అంత దూరం వెళ్లాలా? పైగా సౌండ్‌లో నాకు ఓనమాలు కూడా రావు.
– ఒక విద్యార్థి, తెనాలి

జవాబు: వెళ్లు తమ్ముడూ. ముందు టికెట్ తీసుకో, మిగతాది రైల్లో చదువుకోవచ్చు.

డైరెక్షన్ పిచ్చి ఉన్నవాడికి బూమ్ కంటే మంచి చోటు సెట్లో ఇంకోటి ఉందని నేననుకోను. మానిటర్ చుట్టూ పదిమంది మూగి ఉంటారు గానీ, నటుడికి అంత దగ్గరగా, ప్రతి టేకులోనూ, ఊపిరి పీల్చడంతో సహా వింటూ ఉండేది బూమ్ పట్టుకున్నవాడే. రెండో టేకులో బాగున్న డైలాగు ఆరో టేకుకి ఎందుకు చప్పబడిందో అందరికంటే ముందు నీకే తెలుస్తుంది.

మనవాళ్లకి సౌండ్ అంటే చిన్నచూపు ఎందుకంటే, తెలుగు సినిమాల్లో చాలావరకు మాటలు తర్వాత డబ్బింగ్ థియేటర్లో చెప్పిస్తారు, షూటింగ్‌లో రికార్డు చేసేది గుర్తు కోసమే. అది చూసి స్టూడెంట్లు కూడా ‘తర్వాత చూసుకుందాం’ అంటారు. ఆ తర్వాత అనేది వాళ్లకి ఉండదు. థియేటర్‌కి డబ్బులుండవు, నటించినవాళ్లు సెలవులకి ఊళ్లకి వెళ్లిపోతారు, వచ్చినా పెదాలకి మాట కుదిర్చే అలవాటు వాళ్లకి లేదు.

నాకూ ఇలా తగిలింది. నేను చదువుకునే రోజుల్లో ఒక ఫ్రెండ్ ఇంట్లో వంటింటి సీను తీస్తున్నాం, తల్లీకొడుకుల గొడవ. పక్కన ఫ్రిజ్ గుర్రుమంటోంది, హెడ్‌ఫోన్లో నాకు శుభ్రంగా వినిపిస్తోంది. కానీ అద్దె లైట్లు సాయంత్రానికల్లా తిరిగివ్వాలి, డైరెక్టర్ అప్పటికే టెన్షన్‌లో ఉన్నాడు, నేనేమో అందరికంటే జూనియర్‌ని, నోరెత్తలేదు. ఎడిటింగ్‌లో చూస్తే తల్లి షాట్‌లో గుర్రు ఉంది, కొడుకు షాట్‌లో లేదు (మధ్యలో ఫ్రిజ్ దానంతటదే ఆగింది మరి), కట్ పడిన ప్రతిచోటా ఎవరో స్విచ్ వేసి తీసినట్టు ఉంది. చివరికి ఆ సీను మీద వీణ మ్యూజిక్ పరిచేశాం. గొడవ మీద వీణ! ఇప్పటికీ ఎవరైనా చూస్తానంటే మాట మార్చేస్తాను.

అందుకని నీకు అక్కడ అసలు పని కర్ర పట్టుకోవడం కాదు, వినిపించింది వెంటనే చెప్పడం. ‘కుక్కర్ విజిల్ పడింది, ఇంకో టేకు కావాలి’ అని టేకు అయిన వెంటనే అను. మొహాలు మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ. ఫ్యాను ఆపించు, మే నెలైనా సరే. ఫ్రిజ్ ఆపితే నీ బండి తాళం అందులో పడెయ్, ఇంటికెళ్లేటప్పుడు తాళం కోసం తలుపు తీస్తావు, అప్పుడు మళ్లీ ఆన్ చేయడం గుర్తొస్తుంది, లేకపోతే ఆ ఇంటివాళ్ల పాలు విరుగుతాయి.

పట్టుకోవడం కూడా చెబుతాను. మైకు నటుడి తలకి పైనుంచి, ఛాతీ వైపు చూస్తూ, ఫ్రేములో పడకుండా ఎంత దగ్గరికి వస్తే అంత దగ్గర. ప్రతి షాట్‌కి ముందు కెమెరామన్‌ని ‘ఫ్రేము పైన ఎక్కడిదాకా?’ అని అడుగు, సిగ్గుపడకు. గోడమీద మైకు నీడ పడుతోందేమో చూసుకో. ఉంగరాలు, కడియం తీసెయ్, అవి కర్రకి తగిలిన టకటకంతా రికార్డవుతుంది. మామూలు మాట రికార్డర్ మీటర్‌లో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేట్టు లెవెల్ పెట్టు, సున్నాని తాకి పగిలిన గొంతుని తర్వాత బాగుచేయలేం. కొన్ని చిన్న రికార్డర్లలో బటన్ ఒకసారి నొక్కితే ఎర్ర లైటు మిణుకుతుందే తప్ప రికార్డు అవ్వదు, రెండోసారి నొక్కాలి. అంకెలు కదులుతున్నాయో లేదో చూశాకే ‘రోలింగ్’ అను. ఆ చోటు వదిలేముందు అందర్నీ ఒక అరనిమిషం కదలకుండా ఉండమని ఖాళీ గది చప్పుడు రికార్డు చేసుకో, ఎడిటర్ మాటల మధ్య సందుల్లో దాన్నే పూడుస్తాడు. ఆ అరనిమిషంలో ఎవడో ఒకడు నవ్వుతాడు. మళ్లీ మొదలుపెట్టు.

ప్రశ్న: ఇప్పుడంతా డిజిటలే కదా, ఇంకా క్లాప్ ఎందుకు కొడుతున్నారు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: బొమ్మ ఒక మెషీన్‌లో, మాట ఇంకో మెషీన్‌లో రికార్డవుతాయి కాబట్టి. చెక్కలు కలిసిన ఫ్రేమునీ, ‘టప్’ మన్న చోటునీ జత చేస్తే రెండూ అతుక్కుంటాయి. ఈ పని సాఫ్ట్‌వేర్ కూడా చేస్తుంది, నిజమే. కానీ రెండొందల ఫైళ్లు ముందేసుకున్న ఎడిటర్‌కి ఏది ఏ సీను, ఎన్నో టేకు అని చెప్పేది ఆ బోర్డే. మొదట్లో కొట్టడం మర్చిపోతే షాటు చివర బోర్డు తలకిందులుగా పట్టుకుని కొడతారు, అది తప్పు కాదు, చివరి క్లాప్ అని గుర్తు.

ప్రశ్న: మా అమ్మాయి వాళ్ల బ్యాచ్ సినిమాకి పనిచేస్తోంది. రాత్రి రెండింటికి ఇంటికొస్తోంది, పొద్దున ఏడింటికి మళ్లీ పరుగు. పైసా ఇవ్వరట. మాన్పించాలా?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: మాన్పించకండి అమ్మా, కానీ అడగండి. రేపటి షూటింగ్ ఎక్కడ, ఎన్నింటికి, ఎవరి ఫోన్ నంబరేంటి అని ముందురోజు రాత్రే ఒక కాగితమో మెసేజో రావాలి, దాన్ని కాల్ షీట్ అంటారు. అది మీకూ పంపమనండి. అదే రావట్లేదంటే అక్కడ ప్లానింగ్ లేదన్నమాట, రెండింటిదాకా సాగడానికి కారణం కూడా చాలాసార్లు అదే. స్టూడెంట్ సినిమాలకి డబ్బులివ్వకపోవడం మామూలే, అయితే వేళకి భోజనం, ఆలస్యమైతే ఇంటిదాకా కారు, ప్యాకప్‌కీ మర్నాటి షూటింగ్‌కీ మధ్య పది గంటలైనా విరామం, ఈ మూడూ అడగటంలో తప్పు లేదు. పద్నాలుగు గంటలు నిలబడిన కుర్రాడి బండి వెనక ఎక్కించి పంపిస్తామంటే మాత్రం వద్దని చెప్పి, మీరే ఆటో బుక్ చేయండి. బిల్లు ప్రొడక్షన్ వాళ్లకి పంపించండి.