ఎనిమిదో నెలా, ఎనిమిది నెలలా?

సందేహం: మా కోడలికి ఆఖరి నెలసరి 2025 జనవరి 10న వచ్చింది. ఆగస్టు 22న పరీక్షకు వెళ్తే చీటీ మీద ‘32 వారాలు’ అని రాసిచ్చారు. నెలకు నాలుగు వారాల చొప్పున ఎనిమిది నెలలు నిండాయని మా అబ్బాయి, ఇంకా ఎనిమిదో నెలేనని మా అత్తగారు వాదులాడుకున్నారు. ఎవరి మాట సరైనది? డ్యూ డేట్‌ను ‘గడువు తేదీ’ అనవచ్చునా?

సమాధానం: మీ అత్తగారి మాటే సరైనది. జనవరి 10 నుంచి ఆగస్టు 10కి ఏడు నెలలు నిండాయి. ఆ పైన పన్నెండు రోజులు గడిచాయి కనుక ఆగస్టు 22న నడుస్తున్నది ఎనిమిదో నెల. మీ అబ్బాయి లెక్కలో నెలంటే 28 రోజులే. అలా లెక్కిస్తే 40 వారాల గర్భం పది నెలలవుతుంది, ‘నవమాసాలు మోసి కన్న తల్లి’ అనే మాటకు అర్థమే ఉండదు.

గర్భిణి ఎదురైనప్పుడు మన పెద్దవాళ్లు ‘ఎన్ని నెలలమ్మా?’ అని కాదు, ‘ఎన్నో నెలమ్మా?’ అని అడుగుతారు. ఆ ‘ఓ’లోనే కీలకమంతా ఉంది. ‘ఎనిమిదో నెల పడింది’ అంటే ఏడు నిండి ఎనిమిదోది మొదలైందని, ‘ఎనిమిది నెలలు నిండాయి’ అంటే తొమ్మిదోది మొదలైందని అర్థం. పడటం ఆరంభానికీ నిండటం ముగింపుకూ చెల్లే క్రియలు కాబట్టి, వాటిని సరిగ్గా వాడేవారి మాటలో తికమకకు చోటుండదు. పిల్లవాడికి ఐదో ఏడు వచ్చిందంటే నాలుగేళ్లు నిండాయని గ్రహించినట్లే ఇదీ. వైద్యులు మాత్రం నిండిన వారాలనే రాస్తారు. ‘32 వారాల 3 రోజులు’ అని ఉంటే 33వ వారం నడుస్తోందన్నమాట.

ఇది పట్టించుకోవలసిన తేడాయేనని నా గట్టి నమ్మకం. ‘ఏడో నెలలో పుట్టాడు’, ‘ఏడు నెలలు నిండి పుట్టాడు’ అనే రెండు వాక్యాలను మనం అలవోకగా ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం. మొదటిది 26 వారాలు దాటగానే పుట్టిన పసికందుకు కూడా వర్తిస్తుంది, రెండోది 30 వారాలు దాటిన బిడ్డకే వర్తిస్తుంది. ఆ నాలుగు వారాల్లో ఊపిరితిత్తులు ఎంత బలపడతాయో తెలిసిన వైద్యుడికి ఈ రెండు వాక్యాలూ ఒక్కటి కావు.

‘నెల’ అనే మాటకు చంద్రుడని కూడా అర్థం ఉంది. వెన్నెలలోనూ నెలవంకలోనూ ఉన్నది ఆ నెలే. మీ అత్తగారు వేలి కణుపుల మీద తిథులు లెక్కపెట్టి ఉంటే ఆమెకు కనిపించేది ఇది. జనవరి 10 పుష్య శుద్ధ ఏకాదశి, అంటే ముక్కోటి. అక్కడి నుంచి తొమ్మిది చాంద్రమాన మాసాలు విజయదశమి మరునాడు, ఆశ్వయుజ శుద్ధ ఏకాదశికి నిండుతాయి. ఇక వైద్యుల పద్ధతి చూడండి. ఆఖరి నెలసరి మొదటి రోజుకు ఏడు రోజులు కలిపి, మూడు నెలలు వెనక్కి జరిపి, వచ్చిన తేదీకి ఒక సంవత్సరం కలుపుకోవాలి. జర్మన్ ప్రసూతి వైద్యుడు ఫ్రాంజ్ నేగెలె పేరుతో ప్రసిద్ధమైన ఈ సూత్రం ప్రకారం మీ కోడలికి వచ్చే తేదీ 2025 అక్టోబరు 17, అంటే 280వ రోజు. అది ఆశ్వయుజ బహుళ ఏకాదశి. పెద్దల లెక్కకూ వైద్యుల లెక్కకూ మధ్య సరిగ్గా ఒక పక్షం తేడా కనిపిస్తుంది.

ఈ పక్షం ఎక్కడి నుంచి వచ్చింది? 28 రోజులకోసారి నెలసరి వచ్చే స్త్రీకి అండం విడుదలయ్యేది సుమారు పద్నాలుగో రోజున కాబట్టి, వైద్యుల 280 రోజుల్లో మొదటి రెండు వారాలు కడుపులో బిడ్డ లేని రోజులే. వాటిని తీసేస్తే మిగిలేది 266. తొమ్మిది చాంద్రమాన మాసాలూ దాదాపు 266 రోజులే! బిడ్డ కడుపులో పడ్డ నాటి నుంచి లెక్కిస్తే ‘నవమాసాలు’ అక్షరాలా నిజం. నెలసరి నుంచి లెక్కిస్తే కాన్పు పదో చాంద్రమాసంలో పడుతుంది. ఋగ్వేదం ఐదో మండలంలో గర్భస్థ శిశువును ‘దశమాస్యః’, అంటే పది నెలలవాడు అన్నారు. తొమ్మిదికీ పదికీ వైరం లేదు.

‘నెల తప్పింది’ అన్న మాట దగ్గర కొత్త దంపతులు తడబడటం చూస్తుంటాను. నెల తప్పిందని తెలిసిన రోజుకే నాలుగు వారాలు గడిచిపోయి ఉంటాయి కాబట్టి అప్పటికి రెండో నెల పడుతుంది. మరో చిన్న హెచ్చరిక: తేదీ అడిగినప్పుడు కొందరు స్త్రీలు తలస్నానం చేసిన రోజు చెబుతారు. వైద్యులకు కావలసింది ముట్టు మొదలైన రోజు. నెలసరి క్రమంగా రానివారికి తొలి మూడు నెలల్లో తీసిన స్కానింగే నమ్మదగిన ఆధారం.

ఇక ‘గడువు తేదీ’. దయచేసి అలా రాయకండి. గడువు కరెంటు బిల్లుకూ, దరఖాస్తుకూ ఉంటుంది. అది దాటితే తప్పు చేసినట్లే. 37 వారాలు నిండిన తరువాత 42 లోపు ఎప్పుడైనా కాన్పు రావచ్చు. వైద్యులు చెప్పిన తేదీ నాడే ప్రసవించేవారు నూటికి నలుగురైదుగురే. ఆ తేదీ దాటి నాలుగు రోజులైన తల్లికి ‘నీ గడువు దాటింది’ అని చెప్పడం ఎంత కఠినంగా ఉంటుందో ఆలోచించండి. ‘ప్రసవ తేదీ’ అన్నా అదే ఖాయమన్న భావం వస్తుంది. అసలైన ప్రసవ తేదీ బిడ్డ పుట్టాక జనన ధ్రువపత్రంలో రాసుకొనేది. ‘కాన్పు అంచనా తేదీ’ అనండి. మాటల్లోనైతే ‘డాక్టరమ్మ పదిహేడుకు డేటిచ్చింది, అటూ ఇటూగా నీళ్లాడుతుంది’ అని ఇళ్లల్లో అనుకొనే వాక్యం నాకు ఇంకా నచ్చుతుంది. అంచనా అన్న భావమంతా ఆ ‘అటూ ఇటూగా’లోనే ఉంది.