నౌపడ ఉప్పుకు రంగులెందుకు రావు?

ప్రశ్న: నౌపడ ఉప్పు రవ్వను లాప్‌టాప్ తెరకూ పోలరైజ్డ్ కళ్లద్దానికీ మధ్య పెట్టి ఫోన్ మాక్రో లెన్స్‌తో ఫొటో తీశాను. స్ఫటికాల ఫొటోల్లో కనిపించే ఇంద్రధనుస్సు రంగులు రాలేదు, అంతా నలుపే. లోపం ఎక్కడుంది?
– డిగ్రీ విద్యార్థిని, నౌపడ

జవాబు: మీ అమరిక సరైనదే. తెర కాంతి ఒకే దిశలో కంపిస్తుంది (అదే పోలరైజేషన్), అడ్డంగా ఉన్న కళ్లద్దం దాన్ని ఆపేస్తుంది. ఉప్పు స్ఫటికంలో కాంతి ఏ దిక్కున పోయినా వేగం ఒక్కటే కాబట్టి ఆ కంపనం మారదు, అందుకే నలుపు. రంగులు పుట్టాలంటే స్ఫటికం కాంతిని రెండు వేగాలుగా చీల్చాలి. ఒకటి వెనకబడుతుంది, ఆ తేడాను బట్టి కొన్ని రంగులు ఆరి, కొన్ని మిగులుతాయి. నలుపులో అక్కడక్కడ చుక్కలు మెరిస్తే అవి జిప్సం కావచ్చు, సముద్రపు ఉప్పులో అది మామూలే.

రంగులు కావాలంటే ఎరువుల కొట్లో దొరికే మెగ్నీషియం సల్ఫేట్ తెచ్చుకోండి. అర చెంచా పొడిని రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లలో కరిగించి, గాజు పలక మీద ఒక్క చుక్క వేసి, పుల్లతో పల్చగా పరిచి ఆరనివ్వండి. పొర 20 మైక్రాన్ల (మిల్లీమీటరులో యాభయ్యో వంతు) దగ్గరుంటే రంగులు గాఢంగా వస్తాయి. మందమైతే అన్నీ కలిసి పాలిపోతాయి. యూరియా వద్దు: వేపనూనె పూత చుక్కలు కడుతుంది, పైగా తీరపు చెమ్మకు కరిగిపోతుంది.

తెర తెల్లగా, వెలుగు పూర్తిగా పెట్టండి. పలకను తెరకు మూడు అంగుళాల దూరంలో ఉంచితే పిక్సెళ్ల గళ్లు మసకబారతాయి. గళ్లు పోతాయని మధ్యలో బటర్ పేపర్ పెట్టకండి, పోలరైజేషన్ చెదిరిపోతుంది. త్రీడీ సినిమా కళ్లద్దమైతే కంటివైపు ముఖాన్ని తెరవైపు తిప్పాలి.

ఉప్పు అందం వేరు. కళ్లద్దం తీసేసి, నల్ల అట్ట మీద పెట్టి, పక్కనుంచి టార్చి వేయండి. అంచులు ముఖాలకన్నా వేగంగా పెరిగిన రవ్వల్లో లోపలికి దిగే మెట్లు కనిపిస్తాయి. మా దృష్టిలో రంగులకంటే ఇదే మంచి ఫొటో.

ప్రశ్న: జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఫొటోల రంగులు కంప్యూటర్‌లో వేసినవేనా?
– యానిమేషన్ విద్యార్థి, విజయనగరం

జవాబు: వేసినవే, కానీ ఇష్టమొచ్చినట్టు కాదు. అది పట్టేది ఎక్కువగా పరారుణ కాంతి, మన కంటికి అందదు. ఒక్కో ఫిల్టర్‌కు ఒక్కో నలుపు–తెలుపు చిత్రం వస్తుంది. పొడవైన తరంగాలకు ఎరుపు, మధ్యవాటికి ఆకుపచ్చ, పొట్టివాటికి నీలం ఇస్తారు. నాసా ఆర్కైవ్‌లో ఆ చిత్రాలు ఉచితం. మూడింటిని గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానళ్లకు కేటాయించండి. ఒక్క పిక్సెల్ పక్కకు జరిగినా నక్షత్రాల అంచున ఎరుపు, నీలం చారలు తేలతాయి. పొరను బాణం మీటలతో సర్దాలి.