గిజిగాళ్లు గూళ్లు సగంలోనే వదిలేస్తున్నాయి, ఎందుకు?

ప్రశ్న: మా బావి గట్టు మీది తాడిచెట్టుకు, పక్కనున్న నల్లతుమ్మకు ఏటా గిజిగాళ్లు గూళ్లు కడతాయి. ఈసారి తాటి కమ్మలకు కట్టిన వాటిలో సగం టోపీల్లాగా ఆగిపోయాయి. నాలుగు గూళ్లు గాలికి రాలాయి, ఒకదాంట్లో గుడ్లు పగిలి ఉన్నాయి. మందులు కొట్టడం వల్ల ఇలా అయిందా? పక్కనే సజ్జ పాలు పోసుకుంటోంది. గూళ్లు దులిపేసి చెట్టు కొట్టేయమంటున్నారు ఇంట్లో. ఏం చేయాలి?
– ఒక రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: చెట్టు కొట్టకండి, గూళ్లు దులపకండి. గూడు సగంలో ఆగిందంటే మందు వల్ల అనుకోనక్కర్లేదు. అది ఆడపిట్టకు నచ్చలేదు, అంతే.

గూడు అల్లేది మగపిట్ట. వరి ఆకునో తాటాకునో అంచున కొరికి పట్టుకుని ఎగిరితే సన్నటి పీలిక ఊడి వస్తుంది. అలా వందల సార్లు తిరిగి, వారం రోజులకు బోర్లించిన బుట్టలాగా, మధ్యలో ఒక అడ్డపట్టీతో నిలబెడుతుంది. అక్కడ పని ఆపి, రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టలను పిలుస్తుంది. ఆడది వచ్చి పట్టీ మీద వాలి, లోపలా బయటా చూసుకుంటుంది. ఒప్పుకుంటేనే గుడ్ల గది పూర్తయి, కిందికి గొట్టం దిగుతుంది. లేదంటే మగది ఇంకోచోట మొదటి నుంచి మొదలుపెడుతుంది.

ఆడపిట్ట చూసేది అల్లిక కన్నా ఎక్కువగా చోటు. చెట్టు ముళ్లదా, గూడు ఎత్తులో ఉందా, వేలాడే కొమ్మ గట్టిదా అన్నది దానికి ముఖ్యం. అలాంటి చోట కట్టిన గూళ్లలోనే పిల్లలు ఎగిరేదాకా బతికే అవకాశం ఎక్కువ. బావి నీళ్ల మీదికి వేలాడే గూటికి పాము చేరడం కష్టం. ఓసారి మీ చెట్టు చుట్టూ తిరిగి చూడండి, చాలా గూళ్లు తూర్పు వైపే కనిపిస్తాయి. నైరుతి గాలికి చెట్టే అడ్డం కదా. రాలిన నాలుగూ పడమటి వైపువో, ఎండిన కమ్మలవో అయి ఉంటాయని నా అంచనా.

మీరు రాయలేదు గానీ, ఈ వేసవిలో కంచె కోసం తుమ్మ కొమ్మలు, పందిరి కోసం తాటి కమ్మలు కొట్టించారా? మంచి చోట్లు తగ్గిపోతే మిగిలిన నాసి చోట్లలోనే కట్టుకుంటాయి, కరెంటు తీగలకు కూడా కడతాయి. గుడ్లు పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో రెండున్నర వారాలు పడుతుంది. అందుకని దీపావళి దాటాక, గూళ్లలో రాకపోకలు పూర్తిగా ఆగాయని చూసుకున్నాకే కొమ్మలు కొట్టించండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పక్షుల గూళ్లు, గుడ్లు పాడుచేయడం కూడా వేట కిందికే వస్తుంది.

ఇక సజ్జ. ఇవి గింజ తింటాయన్నది నిజమే, మీ టెన్షన్ నాకు అర్థమైంది. ఎరుపు, తెలుపు మెరుపు రిబ్బన్లను రెండు మూడు మెలికలు తిప్పి, ఉత్తర దక్షిణాలుగా, కంకుల కన్నా అడుగు ఎత్తున కర్రలకు కట్టండి. ఇప్పుడే కట్టాలి. మరీ ముందు కడితే పిట్టలు అలవాటు పడిపోతాయి. పొద్దున, సాయంత్రం మనిషి తిరిగితే ఇంకా మంచిది. పిల్లలకు అవి మిడతలు, పురుగులు కూడా తెచ్చి పెడతాయి కాబట్టి గూళ్ల దగ్గరి గట్ల మీద మందు కొట్టొద్దు.

ఆగిపోయిన గూళ్లు కూడా అలాగే ఉండనివ్వండి. గిజిగాళ్లు వదిలేసిన గూళ్లలో మునియా పిట్టలు కాపురం పెడతాయి.