టెక్ సందేహాలు: వరుస చెడితే వెతుకులాట చెడుతుంది

ఈ వారం ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. అందులో ఒక్కరే దాని పేరు రాశారు: బైనరీ సెర్చ్, అంటే వరుసలో పేర్చినవాటిలో ప్రతిసారీ మధ్యది చూసి, అక్కర్లేని సగాన్ని వదిలేస్తూ వెతకడం. మిగతా ముగ్గురూ ఆ పేరు ఎత్తకుండానే దాని దగ్గరికే వచ్చారు. అందుకే ఈసారి వేరే ప్రశ్నలు పక్కనపెట్టి ఈ నాలుగింటికే జవాబులిస్తున్నాను.

స్టోన్‌హౌస్‌పేటలో హోల్‌సేల్ కిరాణా కొట్లో లెక్కలు రాస్తాను. ఖాతా నంబరు కొడితే బాకీ ఎంతో చూపించేలా ఎక్సెల్‌లో వీలుకప్ పెట్టుకున్నాం. ఇన్నాళ్లూ బాగానే నడిచింది. ఈ మధ్య కొందరికి వేరేవాళ్ల బాకీ చూపిస్తోంది. ఎర్రర్ కూడా రావడం లేదు. మొన్న 109 నంబరు ఆయనకు 104 నంబరు ఆయన బాకీ చెప్పి మాట పడ్డాను. షీట్ పాడైందా సార్?
— ఒక గుమాస్తా, నెల్లూరు

షీట్ పాడవలేదు. మీరు పంపిన ఫార్ములా చూశాను. వీలుకప్‌లో నాలుగో స్థానం ఖాళీగా వదిలేశారు. అక్కడ ఏమీ రాయకపోతే ఎక్సెల్ దాన్ని 'ట్రూ' అనుకుంటుంది. అంటే, 'నంబర్లన్నీ చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా ఉన్నాయి, ఆ నమ్మకంతో వెతుకు' అని మీరు చెప్పినట్టే. పాత ఖాతాలు మూసేశాక ఆ నంబర్లే కొత్తవాళ్లకు ఇచ్చి షీట్ అడుగున చేర్చుకుంటూ వస్తున్నామని కూడా రాశారు కదా, తేడా వచ్చింది అక్కడే.

లోపల ఏం జరుగుతుందో చూడండి. మీ షీట్‌లో ఎనిమిది ఖాతాలే ఉన్నాయనుకుందాం: 104, 112, 118, 125, 131, 140, 152, చివర కొత్తగా చేరిన 109. మీరు 109 కొట్టారు. ఎక్సెల్ పైనుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ రాదు. నేరుగా మధ్యకు వెళ్తుంది. అక్కడ 125 ఉంది. 109 అంతకంటే చిన్నది కాబట్టి కింది సగం మొత్తం వదిలేస్తుంది. అసలు 109 ఉన్నది ఆ వదిలేసిన సగంలోనే! మిగిలిన 104, 112, 118లో మధ్యది 112. అదీ పెద్దదే. ఇక మిగిలింది 104. సరిగ్గా 109 దొరకలేదు కాబట్టి దానికంటే చిన్నవాటిలో దగ్గరిదైన 104 బాకీ తెచ్చి మీ ముందు పెట్టింది. తనకు అప్పజెప్పిన పని అది తు.చ. తప్పకుండా చేసింది. వరుస సరిగా ఉందో లేదో చూడటం ఆ పనిలో భాగం కాదు. అది చూడాలంటే అన్ని నంబర్లనూ ఒకసారి చదవాలి, అలా చదివితే సగం సగం వదిలేసి మిగుల్చుకున్న సమయమంతా పోతుంది.

ఆ సమయం తక్కువేం కాదు. ఎక్సెల్ షీట్‌లో పట్టే వరుసలు మొత్తం 10,48,576. అవన్నీ నిండినా, నంబర్లు క్రమంలో ఉంటే, బైనరీ సెర్చ్‌కు 21 పోలికలు చాలు. పైనుంచి ఒక్కొక్కటీ చూస్తే పది లక్షలు దాటవచ్చు. అంత లాభం ఇచ్చే పద్ధతి బదులుగా అడిగేది వరుస ఒక్కటే. ఆ ఒక్కటి మనం ఇవ్వకపోతే అది గొడవ చేయదు, తప్పు జవాబు ఇచ్చి ఊరుకుంటుంది. నాకు భయం వేసేది దీనికే. ఎర్రర్ వస్తే మనిషి ఆగి చూస్తాడు. పక్కవాడి బాకీ నిండు అంకెల్లో కనిపిస్తే నమ్మేస్తాడు.

మీరు చేయాల్సింది చిన్న పని. నాలుగో స్థానంలో 'ఫాల్స్' అని రాయండి, సున్నా వేసినా సరే. అప్పుడు అచ్చంగా ఆ నంబరే ఉంటేనే బాకీ చూపిస్తుంది, లేకపోతే లేదని చెబుతుంది. మీ కొట్లో ఉన్న కొన్ని వేల ఖాతాలకు వేగంలో తేడా మీకు తెలియను కూడా తెలియదు. ఎక్సెల్ 2021 గానీ, మైక్రోసాఫ్ట్ 365 గానీ ఉంటే ఎక్స్‌లుకప్ వాడుకోండి. అందులో ఏమీ చెప్పకపోయినా అచ్చంగా సరిపోయేదాన్నే వెతుకుతుంది.

లక్షల వరుసలతో షీట్ నత్తనడక నడుస్తున్నవాళ్లు మాత్రం 'ట్రూ' వాడుకోవచ్చు, రెండు జాగ్రత్తలతో. ఒకటి, ముందు నంబర్లను సార్ట్ చేయాలి. ఖాళీగా ఉన్న నిలువు వరుసలో 'ఈ గడిలోని నంబరు కింది గడిలోనిదానికంటే చిన్నదా లేదా సమానమా' అని అడిగే ఫార్ములా వేసి కిందిదాకా లాగండి. ఎక్కడైనా 'ఫాల్స్' వస్తే వరుస అక్కడ తెగిందన్నమాట. (చిట్టచివరి గడి కింద ఖాళీ ఉంటుంది కాబట్టి అక్కడ వచ్చే 'ఫాల్స్'ను పట్టించుకోకండి.) రెండు, వీలుకప్‌ను రెండుసార్లు వాడండి. మొదటిదానితో ఖాతా నంబరునే తెప్పించి, అది మీరు కొట్టిన నంబరుతో సమానమైతేనే రెండోదానితో బాకీ తెప్పించండి. రెండుసార్లు వెతికినా బైనరీ సెర్చ్ వేగమే ఉంటుంది, పక్క ఖాతా బాకీ రాదు.

ఇంకొకటి. కొన్ని నంబర్లు గడిలో ఎడమకు, కొన్ని కుడికి అంటుకుని కనిపిస్తే, ఎడమవైపువి నంబర్లుగా కాక అక్షరాలుగా పడి ఉండొచ్చు. అక్షరాల లెక్కలో 1000 అనేది 109 కంటే ముందు వస్తుంది. ముందు వాటన్నిటినీ నంబర్లుగా మార్చుకోండి. బాకీ తప్పు చెబితే పోయేది డబ్బు ఒక్కటే కాదు కాబట్టి, ఈ పని ఈరోజే చేయండి.

ఒంగోలులో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ల్యాబ్‌లో పేర్ల జాబితా ఇచ్చి పెంచలయ్యలు ఎంతమంది ఉన్నారో బైనరీ సెర్చ్‌తో కనుక్కోమన్నారు. నా ప్రోగ్రామ్ ఎవరో ఒక పెంచలయ్య దగ్గర ఆగిపోతోంది. అక్కడినుంచి అటూ ఇటూ లెక్కపెడితే మా మేడమ్ ఒప్పుకోవడం లేదు. ఎందుకు?
— ఒక విద్యార్థిని, ఒంగోలు

మన జిల్లాల పేర్లకు ఇది సరిగ్గా సరిపోయే లెక్క. పెంచలకోన స్వామి పేరు పెట్టుకున్నవాళ్లు లేని జాబితా నెల్లూరు వైపు దొరకడం కష్టం.

మీ మేడమ్ చెప్పింది న్యాయమే. లక్ష పేర్లలో ముగ్గురే పెంచలయ్యలైతే అటూ ఇటూ చూడటం నష్టం కాదు. యాభై వేలమంది ఉంటే? యాభై వేల అడుగులు వేయాలి. అప్పుడు బైనరీ సెర్చ్ రాసి ప్రయోజనం ఏముంది?

దారి ఇది. ('లో', 'హై' అంటే ఇంకా వెతకాల్సిన భాగానికి మొదలు, చివర; 'మిడ్' అంటే దాని మధ్య స్థానం.) పేరు సరిపోయిన చోట ఆగకండి. ఆ స్థానాన్ని ఒక వేరియబుల్‌లో దాచుకుని, ఇంకా ముందు మరొకరు ఉన్నారేమో అన్నట్టు 'హై'ని 'మిడ్' కంటే ఒకటి తక్కువకు జరిపి వెతుకులాట కొనసాగించండి. అయిపోయేసరికి దాచుకున్న స్థానంలో మొట్టమొదటి పెంచలయ్య ఉంటాడు. రెండోసారి, సరిపోయినప్పుడల్లా 'లో'ని 'మిడ్' కంటే ఒకటి ఎక్కువకు జరపండి, చిట్టచివరివాడు దొరుకుతాడు. చివరి స్థానంలోంచి మొదటి స్థానం తీసేసి ఒకటి కలిపితే ఎంతమందో వస్తుంది. లక్ష పేర్లకు ఒక్కో వెతుకులాటకు 17 పోలికలు మించవు. రెండూ కలిపినా 34.

పైథాన్‌లో ఇదే పని బైసెక్ట్ లెఫ్ట్, బైసెక్ట్ రైట్ చేస్తాయి. రెండో దానిలోంచి మొదటిది తీసేస్తే సంఖ్య వస్తుంది, ఒకటి కలపక్కర్లేదు. సీ ప్లస్ ప్లస్‌లో లోయర్ బౌండ్, అప్పర్ బౌండ్ ఉన్నాయి. జావాలో సిద్ధంగా ఉన్న బైనరీ సెర్చ్‌ను మాత్రం దీనికి నమ్ముకోకండి. ఒకే విలువ చాలాచోట్ల ఉంటే ఏది చూపిస్తుందో హామీ లేదని వాళ్ల వివరణలోనే ఉంది. సీ భాషలో బీసెర్చ్ కూడా అంతే.

'మిడ్' లెక్కించేటప్పుడు 'లో', 'హై' కలిపి రెండుతో భాగిస్తున్నారా? జాబితా చాలా పెద్దదైతే ఆ కూడిక జావాలో పూర్ణ సంఖ్యలు దాచే 'ఇంట్'‌లో పట్టే 214,74,83,647ను దాటి మైనస్‌లోకి వెళ్లిపోతుంది. 'హై'లోంచి 'లో' తీసేసి, సగం చేసి, దాన్ని 'లో'కు కలపండి. ఈ తప్పు జావా సొంత లైబ్రరీలోనే ఏళ్ల తరబడి ఉండిపోయింది. అది రాసిన జాషువా బ్లాక్ 2006లో తానే ఆ సంగతి బయటపెట్టారు. బైనరీ సెర్చ్ గురించి 1946లోనే తొలి తరం కంప్యూటర్ నిపుణుడు జాన్ మాక్లీ చెప్పినా, జాబితాలో ఎన్ని ఉన్నా సరిగ్గా పనిచేసే రూపాన్ని గణిత శాస్త్రవేత్త డి.హెచ్. లెమర్ ప్రచురించేసరికి 1960 వచ్చింది. కాబట్టి ఇది మీకు ఒక పట్టాన కుదరకపోతే మీకు ప్రోగ్రామింగ్ రాదని అనుకోకండి. ఖాళీ జాబితా, ఒకే పేరున్న జాబితా, అందరూ పెంచలయ్యలే ఉన్న జాబితా, ఒక్క పెంచలయ్యా లేని జాబితా: ఈ నాలుగింటి మీద నడిపి చూశాకే మేడమ్‌కు చూపించండి.

విడవలూరు వైపు రొయ్యల గుంటలు చేస్తున్నాము. రాత్రి పది గంటలకు తిరుగుతున్న ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) ఒకటి పొద్దున ఆరింటికి ఆగిపోయి ఉంది. ఎప్పుడు ఆగిందో తెలిస్తే కాపలా మనిషిని అడగొచ్చు. కెమెరా రికార్డింగ్ ఉంది కానీ ఎనిమిది గంటలు కూర్చుని చూడాలంటే ఎట్ట?
— ఒక రైతు, నెల్లూరు జిల్లా

కూర్చోవద్దు. రికార్డర్‌లో తెల్లవారుజాము రెండు గంటలకు వెళ్లండి. ఏరేటర్ తిరుగుతుంటే ఆగింది ఆ తర్వాతే, నాలుగింటికి వెళ్లండి. రెండింటికే ఆగి ఉంటే వెనక్కి, పన్నెండింటికి వెళ్లండి. ఇలా ప్రతిసారీ మిగిలిన సమయంలో సగానికి వెళ్తుంటే 480 నిమిషాల్లో ఆ నిమిషం ఏదో తొమ్మిది చూపుల్లో తేలుతుంది.

ఒక షరతు ఉంది. ఏరేటర్ ఒక్కసారి ఆగి అలాగే ఉండిపోయి ఉండాలి. కరెంటు పోయి వచ్చి, మళ్లీ తిరిగి, మళ్లీ ఆగి ఉంటే ఈ పద్ధతికి దొరికేది ఆ ఆగడాల్లో ఏదో ఒకటి. అలాంటి అనుమానం ఉంటే వేగం పెంచి మొత్తం చూడాల్సిందే. కెమెరా గడియారం సరైన టైమే చూపిస్తోందా అన్నది కూడా మీ ఫోన్‌తో సరిచూసుకుని, ఆ తర్వాతే ఆయన్ని అడగండి. గడియారం తప్పుకు మనిషిని అనడం బాగుండదు.

గుంటలో ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారే ముందే కాబట్టి, ఆగాక వెతకడం కంటే ఆగిన వెంటనే తెలియడం ముఖ్యం. కరెంటు పోతే సిమ్ కార్డుతో మీ ఫోన్‌కు కాల్ చేసే అలారాలు దొరుకుతున్నాయి. మోటారు ట్రిప్ అయినా మోగేలా స్టార్టర్‌కు కలపమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.

రిటైరైన తెలుగు మాస్టారిని. మా ప్రాంతపు మాటలు సేకరించి వర్ణమాల క్రమంలో పేర్చాను. మా మేనల్లుడు దాన్ని ఫోన్ యాప్‌గా చేశాడు. 'కవి' దొరుకుతోంది, 'కళ' దొరకదు. జాబితాలో మాత్రం ఉంది!
— కావలి

మాస్టారూ, మీరు నేర్పే వర్ణమాలలో 'ళ' వచ్చేది 'హ' తర్వాత. యాప్ నడిచేది యూనికోడ్ (కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే పద్ధతి) క్రమంలో. అందులో 'ల' పక్కనే 'ళ' ఉంది, 'వ' ఆ తర్వాత వస్తుంది. మీ జాబితాలో కర, కల, కవి, కసి, కళ అని ఉంటే యాప్ మధ్యలోని 'కవి'ని చూసి, తన లెక్కలో 'కళ' దానికంటే ముందుది కాబట్టి పైకి వెళ్తుంది. అక్కడ కర, కల తప్ప ఏమీ లేవు. మీ క్రమం తప్పు కాదు, యాప్ క్రమమూ తప్పు కాదు. పేర్చింది ఒక క్రమంలో, వెతుకుతున్నది మరో క్రమంలో.

మీ క్రమం మార్చుకోవద్దు. చదివేవాళ్లకు అదే కనిపించాలి. వెతకడానికి మాత్రం యూనికోడ్ క్రమంలో పేర్చిన రెండో జాబితా ఒకటి లోపల పెట్టుకోమని మేనల్లుడికి చెప్పండి. మాటల్లో కొన్ని పాత అను ఫాంట్లలో టైపు చేసినవైతే వాటికి యూనికోడ్ క్రమమే ఉండదు. ముందు వాటిని యూనికోడ్‌లోకి మార్చి, ఆ తర్వాత పేర్చమనండి.