టెక్ సందేహాలు: 4 జీబీ ల్యాప్‌టాప్‌తో డిజిటల్ ఆర్ట్ కుదురుతుందా?

ప్రశ్న: బీఈడీ రెండో సంవత్సరం చదువుతున్నాను, మెథడాలజీ గణితం. డిజిటల్ మీడియా ఆర్ట్‌ని తరగతిలో ఎలా వాడొచ్చన్నది నా ప్రాజెక్టు. నా దగ్గర 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, ఒక ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నాయి. కనీసం అరవై వేల ల్యాప్‌టాప్, అడోబీ సబ్‌స్క్రిప్షన్ లేకపోతే కుదరదని ఫ్రెండ్స్ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. టీచింగ్ ప్రాక్టీసుకి వెళ్లే బడిలో టచ్ ప్యానెల్ ఉంది కానీ నెట్ సరిగా రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక విద్యార్థిని, నల్గొండ

జవాబు: ముందుగా, ఏమీ కొనకండి. మీ ఫ్రెండ్స్ చెప్పింది సినిమా గ్రాఫిక్స్ చేసేవాళ్లకి. బ్లెండర్ లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్‌కి 4 జీబీ నిజంగానే చాలదు. కానీ గణితం టీచరుకి పనికొచ్చే డిజిటల్ ఆర్ట్ బ్రౌజర్‌లోనే చేసుకోవచ్చు.

నేను చెప్పేది పీ5 జేఎస్ గురించి. బ్రౌజర్‌లో చిన్న కోడ్ రాసి బొమ్మలు గీసే సాధనం అది. కళాకారులూ డిజైనర్లూ కోడింగ్‌కి భయపడకుండా బొమ్మలు గీసుకోవాలని 2001లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కేసీ రీస్, బెన్ ఫ్రై ‘ప్రాసెసింగ్’ మొదలుపెట్టారు. దాన్ని పీ5 జేఎస్ పేరుతో బ్రౌజర్‌కి తెచ్చినవారు లారెన్ మెకార్తీ. పీ5 ఎడిటర్ ఉచితం, ఇన్‌స్టాల్ చేసే పని లేదు. ఎడమవైపు రాస్తే కుడివైపు బొమ్మ వస్తుంది. గీత గీయడం, చుక్క పెట్టడం, ఒక విలువను దాచుకోవడం, ‘ఇలా అయితే అలా చెయ్యి’ అని చెప్పడం. ఈ నాలుగూ వస్తే మీ ప్రాజెక్టుకి సరిపోతుంది.

ఇక ఏం చేయాలి? పీపీటీలో క్లిప్ ఆర్ట్ అతికించి దాన్ని డిజిటల్ ఆర్ట్ అనడం నాకు నచ్చదు. ఏఐకి ఒక వాక్యం ఇచ్చి పోస్టరు తీయించడమూ అంతే. అందులో పిల్లలు చేసేదీ లేదు, నేర్చుకునేదీ లేదు. ఒక నియమం పెట్టుకుని, దాని ప్రకారం గీస్తే ఏమొస్తుందో చూడటం ఈ కళలో అసలు మజా. హంగరీలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన వెరా మోల్నార్ 1968లో కంప్యూటర్‌తో గీయడం మొదలుపెట్టారు. అంతకుముందు కొన్నేళ్లు, కంప్యూటర్ దొరక్క, ‘ఊహాయంత్రం’ అని పెట్టుకుని తన నియమాలను చేత్తోనే అమలు చేసేవారు. మన ముగ్గుల్లో ఉన్నదీ నియమమే. తమిళనాడు ముగ్గులైన కోలాలను కంప్యూటర్ వ్యాకరణంగా, అంటే కంప్యూటర్ పాటించే నియమాలుగా రాయొచ్చని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమనీ బృందం 1970లలోనే చూపించింది.

కాబట్టి మీ ప్రాజెక్టుకి మెలికల ముగ్గు తీసుకోండి. పాఠం: గ.సా.భా., అంటే రెండు సంఖ్యలనూ శేషం లేకుండా భాగించే అతిపెద్ద సంఖ్య.

చుక్కల్ని వరుసకి వరుస ఎదురెదురుగా పెట్టాలి, సందు చుక్కలు కాదు. 3 వరుసలు, వరుసకి 4 చుక్కలు అనుకుందాం. వరుసల సంఖ్యను, చుక్కల సంఖ్యను రెట్టింపు చేసి 6 గడుల నిలువు, 8 గడుల అడ్డం ఉన్న దీర్ఘచతురస్రం గీయండి. చుక్కలు అడ్డంగా 1, 3, 5, 7 స్థానాల్లో, నిలువుగా 1, 3, 5 స్థానాల్లో పడతాయి. పై అంచు మీద, ఎడమ మూల నుంచి ఒక గడి దూరంలో ఒక బిందువు పెట్టి ఐమూలగా వదలండి. అంచుకి తగిలితే క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్‌లాగా తిరిగి రావాలి. పీ5 నేర్చుకునేవాళ్లు మొదటి వారంలో చేసే ‘గోడకి తగిలి ఎగిరే బంతి’ ప్రోగ్రాం ఇదే, బంతి వెళ్లిన దారి చెరిగిపోకుండా ఉంచితే చాలు. ఆ గీత చుక్కల మధ్య నుంచి మెలికలు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చి మూసుకుంటుంది. అంచుల దగ్గర మూలలు మొనదేలి ఉంటాయి. వాటిని గుండ్రంగా చేయడం తర్వాత చూసుకోవచ్చు.

గీత మూసుకున్నాక కూడా పై అంచు మీద 1, 3, 5 లాంటి బేసి స్థానాల్లో గీత తగలనివి మిగిలితే రంగు మార్చి, అక్కడి నుంచి మళ్లీ వదలండి. 3, 4 చుక్కలకి ఒకే రంగుతో ముగ్గంతా పూర్తవుతుంది. 4, 6 అయితే రెండు రంగులు పడతాయి. 5, 5 అయితే ఐదు. ఎన్ని రంగులు పడతాయన్నది ఆ రెండు సంఖ్యల గ.సా.భా! 6, 9 చుక్కలకి ఎన్ని గీతలు వస్తాయో ముందే చెప్పమని ఆరో తరగతి పిల్లల్ని అడిగి, ఆ తర్వాతే రన్ బటన్ నొక్కండి. వాళ్లు చెప్పింది నిజమైతే వచ్చే కేకలు ప్రాజెక్టు రిపోర్టులో రాయలేం కానీ, ఎవరు ఏం ఊహించారు, ఎందుకలా అనుకున్నారు అన్నది తప్పకుండా రాయండి. గైడ్ అడిగేదీ అదే.

ఒక మాట. మొదటి పీరియడ్‌లో స్క్రీన్ వద్దు. చాక్‌పీసుతో నేల మీద గీయించండి. ఇంట్లో రోజూ ముగ్గు పెట్టే పిల్లలు ఆ రోజు మీకంటే ముందుంటారు.

నెట్ సంగతి. పీ5 లైబ్రరీ, అంటే మీ కోడ్ నడవడానికి కావాల్సిన పీ5 ఫైల్, ఒక ఎంబీకి అటూఇటుగా ఉంటుంది. ఎడిటర్‌లో మీ పనిని జిప్‌గా డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. కానీ టచ్ ప్యానెళ్లు ఎక్కువగా ఆండ్రాయిడ్ మీద నడుస్తాయి. అక్కడ హెచ్‌టీఎంఎల్ ఫైల్ తెరిస్తే పక్కనున్న మిగతా ఫైళ్లు దానికి కనబడక తెల్ల స్క్రీన్ వచ్చే అవకాశం ఉంది. లైబ్రరీ కోడ్, మీ కోడ్ రెండూ ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైల్లో అతికించేస్తే ఈ బాధ ఉండదు. పాఠం చెప్పే రోజు కాకుండా, అంతకుముందే ఒకసారి ఆ ప్యానెల్ మీద తెరిచి చూసుకోండి.

ప్రశ్న: పాఠాలకి చిన్న యానిమేషన్లు చేస్తున్నాను. తెలుగు టైప్ చేస్తే ఒత్తులు విడిపోతున్నాయి. ఫాంట్ మార్చినా అంతే.
- తెలుగు పండితులు, తెనాలి

జవాబు: తప్పు ఫాంటుది కాదండీ, అక్షరాల్ని కలిపే ఇంజిన్‌ది. పాత ఫోటోషాప్ అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ ఎంచుకుని, కొత్త ఫైల్ తెరవండి. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ క్రిటా వాడుతుంటే 5.2 లేదా ఆ తర్వాతి వెర్షన్ వేసుకోండి, అందులో టెక్స్ట్ ఇంజిన్‌ని కొత్తగా రాశారు. బ్లెండర్‌లో ఇది పాత తలనొప్పి. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు చక్కగా వస్తుంది కాబట్టి, అక్కడ టైప్ చేసి, ‘ఆబ్జెక్ట్ టు పాత్’ కొట్టి, ఎస్‌వీజీగా బ్లెండర్‌లోకి తెచ్చుకోండి. ఆ తర్వాత అక్షరం బొమ్మగా మారిపోతుంది, అచ్చుతప్పులు దిద్దలేరు. ముందే చూసుకోండి. అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లు యూనికోడ్ కావు, వాటిని కన్వర్టర్‌తో మార్చాకే వాడాలి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురవరం ఉచితంగా దొరుకుతాయి.

ప్రశ్న: గ్రాఫిక్ ట్యాబ్లెట్ కొనాలి. స్క్రీన్ ఉన్నదా, లేనిదా?
- ఫైన్ ఆర్ట్స్ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: లేనిదే. మూడు నాలుగు వేల రూపాయల్లో వస్తుంది. చెయ్యి ఒకచోట, చూపు ఇంకోచోట ఉండటం మొదట్లో చికాకు పెడుతుంది, తర్వాత అలవాటైపోతుంది. పెన్ను ఎంత గట్టిగా నొక్కారో కొలిచే ప్రెషర్ లెవెల్స్ 4096 అయినా 8192 అయినా చేతికి తేడా తెలియదు, దానికి అదనంగా డబ్బులు పెట్టకండి. ఫోన్‌కి కూడా తగిలించుకునే మోడల్ చూసుకోండి.

ప్రశ్న: మా ఏడో తరగతి పిల్లలతో తోలుబొమ్మల్లాంటి అట్ట బొమ్మలు చేయించి, ఫోన్‌తో స్టాప్ మోషన్ (బొమ్మను కొంచెం కొంచెం కదుపుతూ తీసిన ఫోటోలు కలిపిన వీడియో) తీస్తున్నాం. వీడియో మిణుకుమిణుకుమంటోంది. సినిమా పాట పెట్టి యూట్యూబ్‌లో వేయొచ్చా?
- ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: ప్రతి ఫోటోకీ ఫోన్ వెలుతురుని కొత్తగా లెక్కేసుకోవడం వల్ల ఆ మిణుకు వస్తుంది. తెర మీద వేలు నొక్కి పట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. కిటికీలు మూసి బల్బు వెలుగులో తీయండి. మబ్బు పట్టినా, ఎవరైనా తెల్ల చొక్కాతో పక్కన నిలబడినా వెలుతురు మారిపోతుంది. సెకనుకి 8 ఫోటోలు చాలు. అర నిమిషానికి 240 అవుతాయి, పిల్లల ఓపిక అంతవరకే.

పాట విషయానికొస్తే, 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ తరగతిలో పాఠం చెప్పడానికి కొంత వెసులుబాటు ఇస్తుంది. యూట్యూబ్‌లో పెడితే ఆ వెసులుబాటు వర్తిస్తుందనుకోవద్దు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీ ఉంది. అంతకంటే పిల్లలు బల్ల మీద దరువేసి పాడింది రికార్డు చేసుకోవడం మంచిది. వీడియోలో పిల్లల ముఖాలు, పేర్లు ఉంటే తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాకే అప్‌లోడ్ చేయండి. చేతులూ బొమ్మలూ మాత్రమే కనబడేలా తీస్తే ఆ జంఝాటం చాలావరకు తప్పుతుంది.