ఐరన్ సూపర్‌కండక్టర్‌ని లేజర్‌తో కొడితే వేడెక్కడం తప్ప ఏం తెలుస్తుంది?

రెసిస్టెన్స్ కొలిస్తే సూపర్‌కండక్టరో (బాగా చల్లబరిస్తే రెసిస్టెన్స్ సున్నా అయ్యే పదార్థమో) కాదో తెలిసిపోతుంది కదా, ఫెమ్టోసెకండ్ (సెకనులో వెయ్యి లక్షల కోట్లో వంతు) లేజర్ ఎందుకు, శాంపిల్‌ని వేడెక్కించడానికా అని అడిగారు. వేడి సంగతి మీరన్నది నిజమే, అది నన్ను నెలన్నర ఏడిపించింది. ముందు అసలు విషయం.

2008లో జపాన్‌లో హొసోనో బృందం ఐరన్-ఆర్సెనిక్ పదార్థంలో 26 కెల్విన్ (దాదాపు మైనస్ 247 సెల్సియస్) దగ్గర సూపర్‌కండక్టివిటీ చూపించినప్పటి నుంచీ తలనొప్పి ఒకటే: ఇనుములోని అయస్కాంతత్వం మామూలుగా సూపర్‌కండక్టివిటీకి పడదు, మరి ఇక్కడ రెండూ ఇరుగుపొరుగుగా ఎలా ఉంటున్నాయి? బేరియం-ఐరన్-ఆర్సెనిక్ స్ఫటికాన్ని చల్లబరిస్తే 140 కెల్విన్ ప్రాంతంలో దాని ఆకారం మారుతుంది, స్పిన్‌లూ (ఎలక్ట్రాన్లలోని చిట్టి అయస్కాంతాలు) వరసకొస్తాయి, దాదాపు ఒకేసారి. ఎవరు ఎవర్ని లాగారు? హైదరాబాద్ బయోడైవర్సిటీ జంక్షన్‌లో జామ్ అయ్యాక ఫొటో తీస్తే ముందు అడ్డం దూరిందెవడో తెలియదు కదా, సీసీ కెమెరా ఫుటేజీ వెనక్కి తిప్పాలి. లేజర్ ఇచ్చేది ఆ ఫుటేజీ.

పంప్ పల్స్ ఎలక్ట్రాన్లను కుదుపుతుంది, వెనకే వచ్చే బలహీనమైన ప్రోబ్ పల్స్ రిఫ్లెక్షన్ ఎంత మారిందో చూస్తుంది. అద్దాలున్న స్టేజీని ఒక్క మైక్రాన్ జరిపితే దారి రెండు మైక్రాన్లు పెరిగి 6.7 ఫెమ్టోసెకండ్ల ఆలస్యం వస్తుంది. గ్రాఫ్‌లో ముందు ఎలక్ట్రాన్ల దూకుడు, దాని మీద సన్నటి అలలు. అవి ఆర్సెనిక్ పరమాణువులు సెకనుకు 5.5 లక్షల కోట్ల సార్లు ఊగడం. ఆ ఊపుతోపాటే, మామూలుగా స్పిన్ వరస ఉండని వేడిలో కూడా అది క్షణంపాటు పుట్టి పోతుందని 2012లో చూపించారు. ఇది రెసిస్టెన్స్‌లో జన్మలో కనపడదు.

సూపర్‌కండక్టింగ్ స్థితిలో ఇంకోటి: అక్కడ ఎలక్ట్రాన్లు జతలుగా ఉంటాయి, పంప్ వాటిని విడగొడుతుంది. విడిపోయినవి మళ్లీ జతకడుతూ వదిలే ఫోనాన్ (స్ఫటికంలోని కంపనం) ఇంకో జతను విడగొడుతుంది, అందుకే సిగ్నల్ త్వరగా చావదు, టీసీ (సూపర్‌కండక్టివిటీ మొదలయ్యే ఉష్ణోగ్రత) దగ్గరపడేకొద్దీ మరీ నెమ్మదిస్తుంది.

ఇక నా బాధ. గచ్చిబౌలి వైపు ఒక ల్యాబ్‌లో పనిచేసేటప్పుడు ఆ బేరియం-ఐరన్-ఆర్సెనిక్‌లోనే కోబాల్ట్ కలిపిన శాంపిల్ పెట్టాను. రెసిస్టెన్స్‌లో టీసీ 23 కెల్విన్, లేజర్‌లో మాత్రం ఆ నెమ్మదింపు 17 దగ్గరే వచ్చేసింది. కొత్త ఫేజ్ (పదార్థపు కొత్త స్థితి) దొరికిందని ఎగిరి గంతేసి స్లైడ్లు కూడా చేసేశా. సీనియర్ అక్క ఒకావిడ చూసి, "థర్మామీటర్ ఎక్కడుంది, బీమ్ పడేది ఎక్కడ?" అంది, అంతే. థర్మామీటరేమో కింద రాగి దిమ్మ మీద, అది 17 చూపిస్తుంటే బీమ్ పడేచోట అంతకన్నా వేడి. మా లేజర్ సెకనుకు 8 కోట్ల పల్సులు కొడుతుంది, అంటే 12.5 నానోసెకండ్లకొకటి, చల్లారే సందేదీ? పైగా సిల్వర్ పేస్ట్ ఎండిపోయి స్ఫటికం ఒక మూల లేచి ఉంది. మళ్లీ అంటించి, పవర్ పదో వంతుకి తగ్గిస్తే 17 కాస్తా 22 దాటింది. పోయింది నా కొత్త ఫేజ్. సిగ్నలూ పదో వంతే కాబట్టి ఆ తర్వాత ఒక్కో కర్వ్‌కి రాత్రంతా కూర్చోవాల్సొచ్చింది, అదీ ఏసీ ఆగి బీమ్ పక్కకు జరగకపోతే.